టీవీకి కావలి

చేతిలో కట్టె లేకుండా కిష్టప్పను ఇస్నాపూర్‌లో ఎవరూ చూడలేదు. ఫ్యాక్టరీ రాకముందు అదే కట్టెతో జొన్నచేనుకు కావలి కాసేవాడు. ఒకసారి అడవిపంది కోర అతని తొడ చీల్చింది. నెత్తురు కారే కాలితోనే దాన్ని వాగుదాకా తరిమి, నడుము విరగ్గొట్టి చంపాడు. చేను ఫ్యాక్టరీ గోడ లోపలికి పోయాక, దానికి బదులు వాచ్‌మన్ నౌకరీ ఇచ్చారు. డెబ్బై ఎనిమిదిలో వర్కర్ల క్లబ్బుకు టీవీ వస్తే, కిష్టప్పను దాని పక్కన నిలబెట్టారు.

"దీనికి దెబ్బ తగిలితే నీ ఉద్యోగం పోయినట్టే," అన్నాడు క్లబ్బు సెక్రటరీ సూర్యప్రకాశరావు.

దెబ్బ ఎందుకు తగులుతుందో మొదటి క్రికెట్ మ్యాచ్ రోజునే తెలిసింది. పట్నం నుంచి ఇంత దూరం బొమ్మ సరిగా వచ్చేది కాదు. తెర మీద ఎప్పుడూ చుక్కల ముసురే. బంతి కనబడదు. రేడియోలో అయితే బంతి ఎటు పోయిందో, ఎవరు పట్టారో ఊపిరి తీసుకోకుండా చెప్పేవారు. టీవీలో చెప్పేవాడు మాత్రం, అందరికీ కనబడుతోంది కదా అని అసలు సంగతి మింగేసేవాడు. నోరు తెరిస్తే ఎండ గురించో, మైదానానికి వచ్చిన పెద్దమనుషుల గురించో చెప్పేవాడు. ఒకడు ఇంగ్లీషులో, ఇంకొకడు హిందీలో. ఇద్దరిదీ ఒకటే వరస.

ఆ ముసురులో ఎవరికి కావలసింది వాళ్లకు కనబడేది.

"కీపర్ పట్టేశాడు. ఔట్," అన్నాడు నరసరాజు. గోదావరి జిల్లా నుంచి వచ్చి మెషిన్ షాపులో ఫిట్టరుగా చేస్తున్నాడు.

"ఏడ వట్టిండు? బ్యాటుకు తాకనే లే," అన్నాడు కిష్టప్ప బావమరిది ఓదెలు. ఫౌండ్రీలో కూలీ. "నీళ్లల్ల వుట్టినోళ్లకు కండ్లల్ల గూడ నీళ్లేనా?"

"పొద్దస్తమానం ఇసక మోసేవాడివి, నీకేం కనబడుద్దిలేరా."

నరసరాజు విసిరిన స్టూలుకు ఓదెలు ముందుపళ్లు రెండు రాలాయి. ఓదెలు ఎగిరి అతని చెవి కొరికి పట్టాడు. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు లేచారు. ఎవరో విసిరిన కుర్చీ టీవీ మీదికి వస్తుంటే కిష్టప్ప ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అంత గోలలోనూ అతనికి వినబడింది.

సూర్యప్రకాశరావు పరుగున వచ్చి ముందు టీవీని తడిమి చూశాడు.

ఇంట్లో భార్య శివమ్మ అతని చేతికి వెదురుబద్దలు కడుతూ, "పందులే నయముండె," అంది.

"మనుషులది గాదే తప్పు," అన్నాడు కిష్టప్ప. "లోపల కూసున్నోడు ఔటో కాదో ఒక్క ముక్క చెప్తే ఈ లొల్లే ఉండకపోవు."

తర్వాతి మ్యాచ్‌కు కట్టు విప్పకుండానే డ్యూటీకి వచ్చాడు. ఆఖరి వికెట్టు మీదుంది ఆట. మైదానంలో జనం ఒక్కసారి అరిచారు. తెర మీద ముసురు. నరసరాజు లేచాడు. ఓదెలు లేచాడు, ఈసారి చేతిలో ఇనుపకడ్డీతో. చెప్పేవాడు హిందీలో, గ్రౌండు మీద వాలిన పావురాలు ఎంత ముచ్చటగా ఉన్నాయో చెబుతున్నాడు. ఆ మాత్రం హిందీ కిష్టప్పకు అర్థమవుతుంది.

అతను టీవీ వైపు తిరిగాడు. "ఔటా, కాదా? చెప్పు," అన్నాడు నెమ్మదిగా.

పావురాలు ఎగిరాయని చెప్పాడు లోపలివాడు.

కట్టె దిగింది. అద్దం పేలి పెంకులు కిష్టప్ప మొహంలో గుచ్చుకున్నాయి. పొగ లేచింది. మొదటి తన్ను నరసరాజుది.

"ఆఖరి వికెట్టురా," అంటూ డొక్కలో తన్నాడు.

"మ్యాచ్ పాయె గదనే బావా," అంటూ ఓదెలు కట్టె గుంజుకుని వీపు మీద బాదాడు. పళ్లు రాలగొట్టినవాడూ, రాలినవాడూ ఒక్కటై కొట్టారు.

సూర్యప్రకాశరావు వచ్చి విడిపించాడు. "కాపలా కాయమంటే నువ్వే పగలగొట్టావేమయ్యా?"

కిష్టప్ప నెత్తురు ఉమ్మాడు. "చేన్ల పంది జొర్రితే పందినే కొడ్తం సారూ."

"రేపట్నుంచి రావద్దు."

"ఎరికే సారూ."

గోడ పట్టుకుని గుమ్మందాకా నడిచి, వెనక్కి తిరిగాడు.

"ఓదెలూ, ఇంతకు వాడు ఔటేనా?"

ఓదెలు నరసరాజు మొహం చూశాడు. నరసరాజు పగిలిన టీవీ వైపు చూశాడు.