తాతయ్య రెండో గెలుపు

మా కాశీరావు తాతయ్య హెడ్మాస్టరు, జిల్లాలోని సర్కారు బడుల టీచర్ల సంఘానికి అధ్యక్షుడు కూడా. అన్ని బడులనూ బాగుచేస్తానన్న మనిషి నన్ను మాత్రం పదో తరగతి గట్టెక్కించలేకపోయాడు. తొంభై ఆరులో రెండోసారి గెలవాలని స్కూటరు మీద పామర్రు నుంచి మైలవరం దాకా తిరిగాడు. ఓటడగడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ జేబులోంచి సుద్దముక్క తీసి, పిల్లలకు గచ్చు మీద లెక్క ఇచ్చి, అది తేలాకే కాఫీ తాగేవాడు. "ఓటుకొచ్చారా, ఇన్‌స్పెక్షన్‌కొచ్చారా మాస్టారూ?" అని ఆయన పాత శిష్యుడు నబీగారు నవ్వేవారు.

బెజవాడలో చేతులెత్తే ఎన్నిక. "కాశీరావుగారికి ఎవరెవరండీ?" అనగానే సగం హాలుకు పైగా చేతులు లేచాయి. "నేనండీ, నేనండీ" అని ఒకటే గోల. గోల వింటే తాతయ్యకు ఎక్కడున్నాడో గుర్తుండదు. బల్ల చరిచి, "సైలెన్స్! చేతులు దించండి!" అన్నాడు. ఎత్తినవాళ్ళంతా ఒకప్పుడు ఆయన దగ్గర చదివి టీచర్లయినవాళ్ళే. ఒక్క చెయ్యీ మిగల్లేదు. లెక్కపెట్టే గంగాప్రసాద్ అవతలి పక్షం మనిషి. "సున్నా అండీ" అన్నాడు. మళ్ళీ లెక్కపెట్టమనడానికి నబీగారు లేచారు. "కూర్చోరా!" అన్నాడు తాతయ్య. ఆయన కూర్చున్నారు.

"ఓడిపోయారటగా?" అంది నాయనమ్మ, ఆయన ఇంటికి రాగానే.

"ఓడితే ఓడాను గానీ, ఒక్కడన్నా చెయ్యి దించకుండా ఉన్నాడేమో ఆ నబీని అడుగు" అన్నాడు తాతయ్య, మీసం దువ్వుకుంటూ.