నామినీ పేరు బుజ్జమ్మ

ఈ రోజు పొద్దున మా పక్కింటి సలోమికి తోడుగా మార్కాపురంలో ఒక ఆఫీసుకు వెళ్లాను. ఆమె భర్త ఫైర్‌మన్. పోయిన వేసవిలో రాచర్ల దగ్గర గడ్డివాములు అంటుకుంటే ఆర్పడానికి పోయి తిరిగి రాలేదు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

గుమాస్తా ఫైలు తిరగేసి తలెత్తాడు.

"అమ్మా, నామినీ పేరు దగ్గర 'బుజ్జమ్మ, భార్య' అని రాసినాడు. ఎవరామె?"

"నేనే సార్."

"ఆధార్‌లో సలోమి అని ఉందే! ఇద్దరూ ఒకటేనని సాక్షి కావాల. నిన్ను బుజ్జమ్మా అని పిలిచేవాళ్లను ఎవరినన్నా తీసుకురా."

"అట్ల పిలిచేది ఆయనొక్కడే సార్. యాడ నుంచి తీసుకొచ్చేది?"

గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. డ్యూటీ దిగి వస్తూ సలోమి భర్త మా సందు మొదట్లోనే "బుజ్జమ్మా, నీళ్లు పెట్టు!" అని కేకేసేవాడు. నా మధ్యాహ్నం నిద్ర రోజూ ఆ కేకతోనే పాడయ్యేది. ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

"సాక్షి సంతకం నేను పెడతాను సార్" అన్నాను. 'ఎలా తెలుసు' అన్న చోట 'రోజూ విన్నాను' అని రాశాను.

"బుజ్జమ్మా, నువ్వూ ఈడ సంతకం పెట్టు" అన్నాడు గుమాస్తా. సలోమి మొదట గుమ్మం వైపు చూసింది. తర్వాతే పెన్ను అందుకుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకున్నాను. సందులో ఏ కేకా లేదు. అయినా నిద్ర పట్టలేదు.

మీ ముద్దుపేరు విన్న పక్కింటివాళ్లు మీకున్నారా?