తుర్రుమనడం

తుర్రుమనడం పిట్టలు చేసే పని. ఒంట్లో బరువు లేనిది, రెప్పపాటులో మాయమయ్యేది తుర్రుమంటుంది. ఎద్దు తుర్రుమనదు. మూట మోసే మనిషీ తుర్రుమనడు. నంద్యాలలో కిరాణా అంగడి నడిపే మా పెద్దనాయనకు ఈ సంగతి ఇన్నేళ్లయినా తలకెక్కలేదు.

ఏ పెళ్లిలో కనబడినా నన్ను పదిమందికి చూపించి, "వీళ్ల నాయన ఉమ్మడిల్లు ఇడ్సిపెట్టి ఆళ్లగడ్డకు తుర్రుమన్న్యాడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

మేం ఆ ఇల్లు వదిలిన రోజు నేనక్కడే ఉన్నాను. కాళ్లు పడిపోయిన అవ్వను ఇక సాకలేనన్నది పెద్దనాయనే. నాయన ఆమెను వీపున వేసుకుని బస్టాండు దాకా నడిచాడు. దారిలో మూడు అరుగుల మీద దించి ఊపిరి తీసుకున్నాడు. సంచులతో వెనక నేను.

పోయిన నెల నాయన పెద్దకర్మకు పెద్దనాయన వచ్చాడు. కర్మ ఇంటి నుంచి ఎవరూ పోయొస్తామని చెప్పి కదలరు. ఆయన కూడా భోంచేసి, చేయి కడుక్కుని, మాటాపలుకూ లేకుండా చెప్పుల వైపు నడిచాడు. ఊరుకోవాల్సింది నేనే. ఊరుకోలేదు.

"ఏం పెద్దనాయనా, తుర్రుమంటాండావా?"

పంక్తిలో కూర్చున్నవాళ్లంతా తలెత్తారు. ఆయన మోకాళ్లు వంగక మొదటి మెట్టు మీదే ఆగిపోయి, నా వైపు చేయి చాచాడు.

"రోంత పట్టుకోప్పా."

"మోసే మనిషి పోయినాడు పెద్దనాయనా" అన్నాను.