పేపర్లో నాన్న అడుగులు

నిన్న బీచిలో తడి ఇసుక మీద పెద్ద పాదాల పక్కనే చిన్న పాదాల ముద్రలు చూసి ఆగిపోయాను.

నాన్న సముద్రం మీద వేటకెళ్లి తిరిగిరాని ఏడాది, నాకు ఎనిమిదేళ్లు. బళ్లో మాస్టారు పేపర్లో అలాంటి ఫొటోయే చూపించారు. అవి నాన్నవీ నావీ అనుకుని, ఫిషింగ్ హార్బర్లో చేపలమ్ముతున్న అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమా, నాన్న అడుగులు పేపర్లో ఏసారే!"

అమ్మ తట్ట వదిలేసి బడికి పరుగున వచ్చింది.

మాస్టారు నిర్ఘాంతపోయారు. "అవి ఆఫ్రికాలో దొరికాయమ్మా. లక్షల ఏళ్ల కిందటే మన పూర్వీకులు రెండు కాళ్లమీద నడిచారనడానికి సాక్ష్యం. రాయైపోయిన అడుగులు."

అమ్మ ఫొటోలోని చిన్న పాదాన్ని వేలితో తడిమింది.

"మరి ఈ బిడ్డ ఇల్లు సేరిందా, బాబూ?"

ఆ రోజు అమ్మ నన్ను తిట్టలేదు. ఆమె ఆశను నేనెంత దూరం పరుగెత్తించానో నాకూ బిడ్డ పుట్టాకే తెలిసింది.