మంచి చెంప

పెనుకొండ కొండ కింద చెన్నరాయుడు వేరుశనగ పండించేవాడు. ఎలుగుబంట్లను చంపే కరెంటు తీగ చేనికి కట్టనివాళ్ల కాయకు 2004లో ఒక సంస్థ ఎక్కువ ధర ఇస్తామంది. ఆయన తీగ పీకేసి, డబ్బా వాయిస్తూ కాపలా కాశాడు. రెండో ఏడు ఎలుగు మీదపడి కుడి చెంప చీల్చేసింది. అప్పట్నుంచి కాఫీ తాగితే ఆ పక్క కారిపోయేది. తుండుగుడ్డ అడ్డం పెట్టుకునేవాడు.

ఆ సంస్థ పల్లీల పొట్లం మీద ఆయన ఫొటో వేయడానికి ఫొటోగ్రాఫర్ వచ్చాడు.

"ఎడమ చెంప కనపడేలా తిరిగి నవ్వు పెద్దాయనా."

"ఆ పక్కొకటే నవ్వుతాది సామీ," అన్నాడు చెన్నరాయుడు.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

"మళ్లీ తీగ కట్టుకోరాదా అప్పా?" అన్నాడు పక్కచేని ఇమాం.

"కడితే ఈ రేటు యాడొస్తాది ఇమామూ?" అంటూ చెన్నరాయుడు ఎడమ చెంప కెమెరా వైపు తిప్పి నవ్వాడు.