ఆరుడు గదిలో ఫ్రెంచి

నేను రిటైరు కావడానికి ముందు ఏడాది, ఆషాఢం గాలులు మొదలైన వారంలో, తమిళనాడులో కోవిల్‌పట్టిలోని మా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఐవరీకోస్టు నుంచి సరుకు కొనే ఆయన వచ్చాడు. ఆయన్ని తిప్పి చూపించే పని నాకు వేశారు. అప్పటికి నేను ముంచుడు షెడ్డు ఫోర్‌మన్‌ని. ఫ్రేముల్లో గుచ్చిన పుల్లల తలలు మందులో ముంచి, ఆ ఫ్రేములతో సహా ఆరుడు గదిలో పెట్టేదాకా బాధ్యత నాది. చదివింది ఐదో తరగతే గానీ, ఆ గదుల్లో యజమాని కూడా నేను చెప్తే చెప్పులు విడిచేవాడు.

ఆయన మాట మాకు, మా మాట ఆయనకు చెప్పడానికి విరుదునగరు పిల్ల చిత్ర ఉంది. పుదుచ్చేరిలో ఫ్రెంచి ఎమ్మే చదివింది. మా సరుకు పోయే దేశాల్లో ఆ భాషే కనుక, పెట్టెల మీద అచ్చు, ఓడ కాగితాలు చూడడానికి ఆఫీసులో చేర్చుకున్నారు. పెట్టెలు నింపే సుబ్బక్క ఆమెను ఊరికే వదిలేది కాదు.

“ఏం పాపా, ఊరంతా కంప్యూటరు సదవతా ఉంటే నువ్వు పరంగి బాస సదివితివే, ఈ పుల్లలకు పాటం సెప్పేదానికా?”

“కొనేవాళ్లకు సెప్పేదానికక్కా. నీ సంబళం వాళ్ల కాడినుంచే వస్తా ఉండాది.”

మా పనిలో రెండు మందులు. పుల్ల తలకు ఒకటి, పెట్టె పక్కన గీసే పూతకు ఇంకొకటి. రెండూ రాసుకుంటేనే మంట. అందుకే పూత షెడ్డు దూరంగా కడతారు. అక్కడ పనిచేసినవాళ్లు చేతులు కడిగి బట్ట మార్చకుండా మా వైపు రారు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మా గదుల్లో అరవకూడదు, పరుగెత్తకూడదు. ఉలిక్కిపడిన చేతిలోంచి ఫ్రేము జారితే అంతే సంగతులు.

వాకిట్లోనే అన్నీ చెప్పాను. చెప్పులు, సెల్లు బయట పెట్టాలి, ఫ్రేముకు తగలకూడదు, గొంతు పెంచకూడదు. చిత్ర ఒక్కటీ వదలకుండా ఫ్రెంచిలో చెప్పింది. ఆయన తల ఊపి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పూత పూసిన పెట్టెతో రాకూడదని మాత్రం నేను చెప్పలేదు. మా ఊళ్లో అది పాకే బిడ్డకు కూడా తెలుసు, ఎవరూ ఎవరికీ చెప్పరు.

లోపల ఫ్రేముల వరుసలకు నేను ఆ పక్క, వాళ్లిద్దరూ ఈ పక్క. ఆయన వెనక ఆడవాళ్లు ఫ్రేములు ఎత్తి పెడుతున్నారు. ఆయన జేబులోంచి పెట్టె తీశాడు, అంతకుముందు పూత షెడ్డు చూపించినప్పుడు చేతికిచ్చినదే. ఇంకో చేత్తో ఫ్రేములోంచి ఒక పుల్ల లాగాడు. గీసి చూద్దామని.

నేను చెప్పినా ఆయనకు అర్థం కాదు. అరిస్తే ఆడవాళ్లు ఉలిక్కిపడతారు. ఉరికి చెయ్యి పట్టుకుంటే ఆ లాగులాటలోనే పుల్ల గీసుకుంటుంది. చిత్ర నన్ను చూసింది. నెమ్మదిగా అన్నట్టు నేను అరచెయ్యి కిందికి దించి చూపించాను.

ఆ పిల్ల అడుగు కదపలేదు. బిడ్డను జోకొట్టే గొంతుతో ఏదో అంది. ఆయన నవ్వుతూనే ఆగాడు. ఇంకో మాట అంది, చెయ్యి చాచింది. పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. పెట్టెను గుప్పిట్లో మూసుకుని ఆమె ముందు నడిచింది, ఆయన ఆమె వెనక, నేను చివర. వాకిలి దాటాక ఆయన చేతిలోని పుల్ల నేను తీసుకున్నాను.

బయటికి వచ్చాక చిత్ర సంగతి చెప్తే, ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. చిత్ర కొళాయి కింద చెయ్యి కడుగుతూనే ఉంది.

“ఏం సెప్తివి పాపా?” అన్నాను.

“మీ యెనక ఆడోళ్లుండారు, మెల్లగా పెట్టె నాకీండి అంటి మామా. వద్దు అని అరస్తే సెయ్యి అదిరిపోవునేమోనని బయం.”

సుబ్బక్క వచ్చి కొళాయి కట్టింది. “పాటం బాగానే సెప్తివి,” అని తన కొంగుతోనే ఆ పిల్ల చెయ్యి తుడిచింది. మళ్లీ ఎగతాళి చెయ్యలేదు.

చిత్ర ఇప్పుడు తూత్తుకుడి రేవులో సరుకు పంపే కంపెనీలో ఫ్రెంచి పనే చేస్తోంది. మా దగ్గర ఉన్నన్నాళ్లూ, నేను రిటైరయ్యేదాకా, ఏ కొత్త మనిషిని లోపలికి తీసుకుపోవాలన్నా, వాకిట్లో ఆగి ఒకే మాట అడిగేది: “మామా, అందరికీ తెలుసులే అని మీరు సెప్పకుండా వదిలిందేమన్నా ఉండాదా?” నేను ఆలోచించి చూస్తే, ప్రతిసారీ ఏదో ఒకటి ఉండేది.