సారు ఇచ్చిన వాయిదా

సారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను గ్రౌండ్‌లో ఇసుక మీద గోనెపట్టా లాగుతున్నాను. శనివారం పొద్దున. మర్నాడు మా ఫైనల్. ఇసుక సాపుగా లేకపోతే సారు మొహం చిన్నబుచ్చుకుంటారని ఒకరోజు ముందే వచ్చి ఆ పని పెట్టుకున్నాను. "రాత్రి నిద్రలోనే అక్కా. చాయ్‌కి లేపితే లేవలేదు" అంది ఆ అమ్మాయి. సరే అన్నాను. అలాంటి మాటకి ఎవరైనా సరే అంటారా? ఫోన్ జేబులో పెట్టుకుని మిగిలిన ఇసుక కూడా సాపు చేసి అప్పుడు కూలబడ్డాను. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం దాచుకోవడం మర్యాద అంటారు. ఆ మర్యాద నా వల్ల కాదు, మీరు ఏమైనా అనుకోండి.

గోల్ఫ్ అనగానే మీకు పచ్చటి మైదానం, తెల్ల బూట్లు, బ్యాటరీ బండ్లు గుర్తుకొస్తాయి. మాది ఆ గోల్ఫ్ కాదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్ళు దాటి పోతే బండరాళ్ళకీ తుమ్మచెట్లకీ నడుమ కొంత ఖాళీ జాగా ఉంది. సారు రిటైరయ్యాక అక్కడ అక్కడక్కడా పాలపొడి డబ్బాలు భూమిలో పాతి, పక్కన వెదురుబద్దకి ఎర్రగుడ్డ కట్టి, ఇదే గోల్ఫ్ అన్నారు. ఆయన జియాలజీ చెప్పేవారు. కుర్రతనంలో బొగ్గు గనుల దగ్గర పనిచేసినప్పుడు నేర్చుకున్న ఆట. అక్కడా గడ్డి సరిగ్గా ఉండేది కాదట. అందుకని గుంత చుట్టూ ఇసుక పరిచి, ఒక జోడీ ఆడి వెళ్ళేటప్పుడు వెనక వచ్చేవాళ్ళ కోసం గోనెపట్టా లాగి తమ అడుగుల గుర్తులు చెరిపి పోయేవాళ్ళట. ఆ అలవాటు మాకూ నేర్పారు.

నేను లైబ్రరీలో పనిచేస్తాను. ఒకరోజు వాకింగ్‌లో ఉండగా తెల్లబంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. తీసి విసరబోయాను. "విసరొద్దమ్మాయ్, కొట్టు" అంటూ తార్నాక వైపు నుంచి రోజూ నడిచొచ్చే ఆ పెద్దాయన చేతిలో కర్ర నాకు అందించారు. కొడితే బంతి కదలకపోగా ఇంత మట్టి లేచింది. "భూమి బాగానే కొట్టావు. ఇక బంతి కొట్టడమే మిగిలింది" అన్నారు. అలా మొదలైంది. ఏళ్ళు గడిచేసరికి మేమిద్దరం జోడీ అయ్యాం. బంతుల్ని పాత మేజోళ్ళలో మూటగట్టి తెచ్చేవారు. ఇంకో జేబులో వేయించిన పల్లీలు. నేను తప్పు కొట్టిన ప్రతిసారీ మాటలేం అనకుండా నాలుగు పల్లీలు చేతిలో పోసేవారు. ఆ లెక్కన ఆయన జేబు ఎప్పుడూ ఖాళీయే.

ఏటా చలికాలంలో జోడీల పోటీ పెట్టేవాళ్ళం. నల్లకుంట మందుల షాపు ఆయన, రిటైరైన గుమాస్తాలు, మల్కాజ్‌గిరిలో టైర్ల షాపు నడిపే ఆయన, ఆయన బామ్మర్ది, మేము. ప్రైజు ఒక స్టీలు చెంబు. పెళ్ళి సామాను మీద పేర్లు చెక్కిస్తారే, అలా గెలిచిన జోడీ పేర్లు దాని మీద చెక్కిస్తాం. చెంబు కొన్నది సారే. నన్ను పక్కన పెడితే, దాని మీద పేరు ఎక్కనిదీ సారు ఒక్కరిదే. నల్లకుంట ఆయన పేరు రెండుసార్లు ఉంది. ఆట నేర్పినాయన పేరు లేకపోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదేమో గానీ, ఆ చెంబు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎలాగైనా సారు పేరు దాని మీద చెక్కించాలని నేను గట్టిగా అనుకున్నాను.

ఆ పేరు ఎక్కకపోవడానికి కారణం సారు ఆట కాదు, వాయిదాలు. మ్యాచ్ వాయిదా కావాలంటే ఫోన్లో అడగకూడదని ఆయన పెట్టిన పద్ధతి. అవతలి జోడీ ఇంటికి వెళ్ళాలి. వాళ్ళు చాయ్ ఇస్తారు. కారణం అడగకూడదు, చెప్పకూడదు. కప్పు ఖాళీ అయ్యేలోగా కొత్త తేదీ మాత్రం చెప్పాలి. "కారణం అడిగితే మనిషి అబద్ధం ఆడాల్సి వస్తుంది. తేదీ అడిగితే మాట ఇవ్వాల్సి వస్తుంది" అనేవారు. వినడానికి బాగుంటుంది. మా గుంపులో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా, బద్ధకం వేసినా, మాతో మ్యాచ్ ఉంటే మాత్రం హాయిగా తార్నాకలో సారు ఇంటికి వెళ్ళి అల్లం చాయ్ తాగి వచ్చేవారు. సారు కాదనరని అందరికీ తెలుసు. కిందటేడు అలా ఒకరికి వాయిదా ఇచ్చాక వాన పడి గ్రౌండంతా బురదైంది. బురదలో సారు కాలు జారుతుందని నేను భయపడుతూ ఆడి, చేజేతులా ఓడిపోయాను.

ఈసారి ఫైనల్ దాకా వచ్చాం. అవతల టైర్ల షాపు ఆయన, ఆయన బామ్మర్ది. ఆటకి ఇంకా మూడు రోజులున్నాయనగా ఆయన నాకు ఫోన్ చేశాడు.

"చెల్లె, ఆదివారం ఆట జర ఇంకోనాడు పెట్టుకుందమా? సారుకు నువ్వు చెప్తే అయిపోతది."

"పద్ధతి తెల్వదా అన్నా? ఇంటికి పోయి అడగాలె. నన్నడిగితే మాత్రం వద్దనే అంట."

ఆ సాయంత్రం లైబ్రరీ నుంచి నేరుగా తార్నాక పరుగెత్తాను. మెట్లెక్కి ఆయాసపడుతూ తలుపు తోసేసరికి టైర్ల షాపు ఆయన చేతిలో కప్పు అప్పటికే సగమైంది. సారు వంటింట్లోంచి నాకూ ఒక కప్పు తెచ్చి ముందు పెట్టి, ఆయన వైపు తిరిగారు.

"అయితే ఎప్పుడు ఆడదామంటారు?"

"మూడు వారాలియ్యున్రి సార్. మూడో ఆదివారం పక్కా వస్తం."

"సరే."

అంతే. ఒక్క ముక్క. "సార్, నన్నొక మాట అడగరా? జోడీల నేను లేనా?" అన్నాను. నా గొంతు పక్కింటికి వినబడే ఉంటుంది.

"నువ్వు వద్దంటావని తెలిసే అడగలేదమ్మా" అన్నారు తాపీగా.

నేను కప్పు ముట్టుకోలేదు. ముట్టుకోనని ఆయనకీ తెలిసింది. సాసరు తీసి నా కప్పు మీద మూత పెట్టారు. "కోపం తగ్గాక తాగుదువుగాని" అన్నారు. తగ్గలేదు. అలాగే వదిలేసి వచ్చేశాను.

కారణం మేం అడగకపోయినా దానంతటదే బయటికొచ్చింది. బామ్మర్దికి భుజం పట్టేసిందని టైర్ల షాపు ఆయన గ్రౌండ్‌లో అందరికీ చెప్పుకున్నాడు. ఆ వారంలోనే ఎవరిదో పెళ్ళి బరాత్‌లో ఆ బామ్మర్ది రెండు చేతులూ పైకెత్తి తీన్‌మార్ ఆడుతున్న వీడియో నా ఫోన్‌కి వచ్చింది. ఒక చేత్తో సోడా సీసా కూడా తిప్పుతున్నాడు. పరుగున గ్రౌండ్‌కి తీసుకెళ్ళి సారుకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూశారు, ఇంకోసారి పెట్టమన్నారు.

"భుజం బాగుంటే ఇంకా మంచిది కదమ్మా. ఓడిపోతే చెప్పుకోడానికి సాకుండదు."

"మీరు నవ్వకున్రి సార్. ఇప్పుడే ఫోన్ చేసి వాయిదా లేదు గియిదా లేదు అనున్రి. వాళ్ళు రాకపోతే ఆట మనదే."

"రాని వాళ్ళ మీద గెలవడానికి నేనెందుకు, నువ్వెందుకు? ఆ జెండా కర్రైనా గెలుస్తుంది." పక్కనున్న పెద్ద బండ మీద చెయ్యి వేసి, "ఇదిక్కడ ఎన్నాళ్ళుగా ఉందో నీకు తెలుసా? మూడు వారాలు దీనికి ఒక లెక్కా?" అన్నారు.

"మీరు బండ కాదు సార్" అన్నాను.

కసురుకున్నట్టే అన్నాను. ఆయన పల్లీలు తీసి నా చేతిలో పోశారు.

అసలు ఫైనల్ జరగాల్సిన ఆదివారం ఎలా గడిచిందో కూడా చెప్పాలి. ఆ రోజు సారు నిక్షేపంలా ఉన్నారు. చర్చిలో తొలి ఆరాధన ముగించుకుని, ఆ ఇస్త్రీ చొక్కాతోనే గ్రౌండ్‌కి వచ్చారు. "ఎవరూ రాకపోతే గ్రౌండ్ బెంగ పెట్టుకుంటుంది" అన్నారు. ఇద్దరమే ఆడాం. ఆయన అంత బాగా ఆడడం నేను ఎప్పుడూ చూడలేదు. చివరి డబ్బా దగ్గర ఇసుక అంచు మీద నుంచి కొట్టిన బంతి నిదానంగా దొర్లి, ఆగుతుందేమో అనిపించి, ఆగకుండా వెళ్ళి టంగుమని డబ్బాలో పడింది. సారు రెండు చేతులూ పైకెత్తారు, అచ్చం ఆ బరాత్ కుర్రాడిలాగే. అది చూసి నవ్వాల్సింది పోయి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అవతలి జోడీ అక్కడ నిలబడి ఉంటే చెంబు మాదే. ఆయన పేరు ఆ సాయంత్రానికి చెక్కించేసేదాన్ని.

ఇసుక మీద బంతి వెళ్ళిన చార సన్నగా, పాపిట తీసినట్టు కనబడుతోంది. సారు గోనెపట్టా అందుకున్నారు.

"ఉండనియ్యున్రి సార్. ఎవలకన్న చూపిద్దం."

"వెనక ఎవరో వస్తుంటారమ్మా" అంటూ లాగేశారు. వెనక ఎవరూ లేరు. తుమ్మచెట్ల దాకా ఒక్క మనిషి లేడు.

తర్వాతి వారాల్లో ఆయనకి కొంచెం ఆయాసం ఉండేది. డాక్టరుకి చూపించుకున్నారు, మందులు వాడారు, ఆదివారం ఆడొచ్చా అని కూడా అడిగి వచ్చారు. నెమ్మదిగా ఆడమన్నారట. ఇంకేం, ఆడతామనే అనుకున్నాం. శనివారం తెల్లారేసరికి ఆయన లేరు.

సమాధుల తోటలో పాటలు పాడారు, ప్రార్థన చేశారు, అందరం తలా గుప్పెడు మట్టి వేశాం. గేటు దగ్గర టైర్ల షాపు ఆయన నా కోసం నిలబడి ఉన్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చెల్లె, ఆట మీరే గెలిచిన్రు అనుకుందం. చెంబు మీద సారు పేరు, నీ పేరు నేనే చెక్కిపిస్త. రేపే."

నేను ఏళ్ళ తరబడి కోరుకున్నది ఇదే. ఆయన నోటి నుంచి ఆ మాట వినగానే నాకు పట్టరాని కోపం వచ్చింది.

"ఆడకుండ చెక్కిపిస్తవా అన్నా? మూడు వారాల కింద నువ్వొచ్చి ఆడుంటే నేనే చెక్కిపిద్దును. ఇప్పుడెందుకు చెంబు? నీళ్ళు తాగనీకా?"

ఆయన తల వంచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను సముదాయించారు. నాకు ఆయన మీద ఎంత కోపమో, మట్టి కింద ఉన్నాయన మీద అంతకు రెట్టింపు. ఒక్కసారి కాదని ఉంటే ఏం పోయేది? కాదనడం అంత కష్టమా? ఎవరి ఇబ్బంది వాళ్ళదని అందరికీ వారాలకు వారాలు ఇచ్చుకుంటూ పోయారే, మరి నా సంగతేమిటి?

రెండు రోజులు ఆలోచించాను. గెలిచామని ఒప్పుకుంటే సారు పేరు చెంబు ఎక్కుతుంది. రాని వాళ్ళ మీద గెలవనని చెప్పిన మనిషిని అలా ఎక్కించడం నా వల్ల కాదు. ఓడిపోయామని ఒప్పుకోవడం అసలే కాదు. జోడీలో మనిషిని మార్చే పద్ధతి లేదు. ఇక మిగిలింది ఒకటే. ఇన్నేళ్ళలో ఇతరులు అడగగా చూసి పళ్ళు కొరుక్కోవడమే గానీ, నేను ఎన్నడూ అడగనిది.

మల్కాజ్‌గిరిలో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు తీసిన ఆయన నన్ను చూసి గతుక్కుమన్నాడు. మళ్ళీ తిడతాననుకున్నట్టున్నాడు.

"వాయిదా అడగనీకి వచ్చిన అన్నా" అన్నాను.

ఆయన కుర్చీ వేసి, లోపలికి చాయ్ అని కేకేశాడు. వాళ్ళావిడ రెండు కప్పులు తెచ్చి పెట్టింది.

"చెల్లె, ఆనాడు మా బామ్మర్ది భుజం..." అని మొదలుపెట్టాడు.

"కారణం చెప్పకు అన్నా."

తెలుసుకోవాలని నాకు లోపల పీకుతూనే ఉంది. అయినా వద్దన్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని, సారు అడిగినట్టే నిదానంగా అడిగాడు.

"అయితే ఎన్నడు ఆడుదం?"

నేను నోరు తెరిచాను. తేదీ రాలేదు. కప్పు వైపు చూశాను, ఎత్తలేకపోయాను. ఆయనా తన కప్పు ముట్టుకోలేదు. చాయ్ మీద మీగడ కట్టి, అంచుల దగ్గర ముడతలు పడింది. వాళ్ళావిడ వచ్చి, "చల్లారిపాయె, తీసుకపోయి ఇంకోటి పెడ్తనమ్మా" అంటూ చెయ్యి చాపింది.

"ఉండనియ్" అన్నాడాయన. సాసరు తీసి, చప్పుడు కాకుండా నా కప్పు మీద మూత పెట్టాడు.